మానెయ్యడం, మానుకుంటూ రావడం: ఒక మాత్ర చరిత్రలో స్త్రీల సాక్ష్యం

తెలుగులో 'మానడం' అన్న క్రియకి రెండు అర్థాలున్నాయి. ఒక అలవాటుని విడిచిపెట్టడం ఒకటి. గాయం నయమవడం ఇంకొకటి. మొదటి అర్థంలో వాడేటప్పుడు మనం చాలాసార్లు దాని చివర ఇంకో క్రియ తగిలిస్తాం. మానెయ్, మానేశాను, మానేసింది అంటాం. వదిలెయ్, ఆపెయ్, పారెయ్ కూడా ఈ కోవలోవే. ఆ చివర చేరిన 'వేయడం' పనిని ఒక్క దెబ్బతో పూర్తి చేస్తుంది. రెండో అర్థంలో ఆ తోక అతకదు. పుండు మానింది అంటాం, మానుతోంది అంటాం. పుండు మానేసింది అని ఎవరూ అనరు. నయమవడం ఒక్క దెబ్బతో జరిగే పని కాదని భాషకి తెలుసు.

ఆందోళన తగ్గడానికి డాక్టర్లు రాసే మాత్రల చరిత్ర చదువుతున్నంతసేపూ నన్ను ఈ తేడా వెంటాడింది. డయాజెపామ్, ఆల్ప్రజోలామ్, లోరజెపామ్, క్లోనజెపామ్ వంటి మందులన్నిటినీ కలిపి బెంజోడయాజెపైన్లు అంటారు. మన ఇళ్ళల్లో ఈ పేర్లు పలికేవాళ్ళు తక్కువ. నిద్రమాత్ర అంటారు, నరాల మాత్ర అంటారు, టెన్షన్ మాత్ర అంటారు. ఒక తరంవాళ్ళకి కాంపోజ్ అంటే చాలు. ఈ మాత్రలు స్త్రీల చేతుల్లోకి ఎలా వచ్చాయన్న దాని మీద స్త్రీవాదులు చాలానే రాశారు. అవి స్త్రీల శరీరాల్లోంచి ఎలా బయటికి వెళ్ళాలన్న దాని మీద రాసింది తక్కువ. ఆ రెండో చరిత్ర గురించే ఈ వ్యాసం. మాత్రని మెల్లగా, మెట్టుమెట్టుగా తగ్గించుకోవాలన్న జ్ఞానం ఏ ప్రయోగశాలలోనూ తయారై రాలేదు. ఎవరూ నమ్మని స్త్రీల మాటల్ని ఎవరో కూర్చుని వినడం వల్ల వచ్చింది. నా వాదన ఇదే.

ముందు మాత్రలు వచ్చిన దారి చూద్దాం. 1955లో అమెరికాలో మిల్‌టౌన్ అన్న పేరుతో మెప్రోబమేట్ అనే మందు బజారులోకి వచ్చింది. పిచ్చికి కాదు, రోజువారీ జీవితంలోని దిగులుకి మాత్ర వేసుకోవచ్చన్న ఆలోచనని జనంలోకి తీసుకెళ్ళింది అదే. దాని అమ్మకాలు చూసి హాఫ్‌మన్-లా రోష్ కంపెనీ తన రసాయన శాస్త్రవేత్తల్ని అటువంటి మందు కనిపెట్టమంది. న్యూజెర్సీలోని నట్లీలో ఆ కంపెనీకి ఉన్న ప్రయోగశాలలో లియో స్టెర్న్‌బాక్ పనిచేసేవాడు. నాజీల యూరప్ నుంచి 1941లో తప్పించుకుని వచ్చిన యూదుడు. 1957లో ప్రయోగశాల సర్దుతుంటే, అంతకుముందెప్పుడో తయారుచేసి పక్కన పెట్టేసిన ఒక పొడి బయటపడింది. పారెయ్యబోయిన దాన్ని పరీక్షకి పంపారు. అదే 1960లో లిబ్రియం అయింది. దానికి మార్పులు చేస్తే 1963లో వేలియం వచ్చింది. 1969 నుంచి 1982 దాకా అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడైన మందు వేలియమే. 1978 ఒక్క సంవత్సరంలోనే సుమారు 230 కోట్ల మాత్రలు అమ్ముడయ్యాయి. మన దేశంలో 1960ల చివర రాన్‌బాక్సీ కంపెనీ అదే మందుని కాంపోజ్ పేరుతో తెచ్చింది. ఆ కంపెనీ ఎదుగుదలకి పునాది వేసింది ఆ మాత్రే.

వేలియం వచ్చిన 1963లోనే బెట్టీ ఫ్రీడన్ 'ఫెమినిన్ మిస్టిక్' కూడా వచ్చింది. ఒకే అసంతృప్తికి రెండు జవాబులు ఒకే ఏడాది బజారులోకి వచ్చాయన్నమాట. ఒకటి పుస్తకాల దుకాణంలో, ఒకటి మందుల దుకాణంలో. రెండోదే ఎక్కువ అమ్ముడుపోయిందని వేరే చెప్పక్కర్లేదు. డాక్టర్ల పత్రికల్లో అప్పుడు వచ్చిన ప్రకటనలు చూస్తే కంపెనీలకి స్త్రీల జీవితం గురించి ఏమీ తెలియదని అనుకోలేం. బాగా తెలుసు. ఒక ప్రకటనలో చీపుళ్ళూ, నేల తుడిచే కర్రలూ జైలు ఊచల్లా నిలబెట్టి ఉంటాయి. వాటి వెనక ఒక గృహిణి. ఆమెని విడిపించడం డాక్టరు వల్ల కాదనీ, ఆందోళన తగ్గించడం మాత్రం చేతనవుతుందనీ ఆ ప్రకటన సారాంశం. 1970లో వచ్చిన ఒక వేలియం ప్రకటనలో ముప్ఫై అయిదేళ్ళ అవివాహిత. ఏళ్ళ తరబడి తీయించుకున్న ఫొటోలు వరసగా పేర్చి, తగిన మగవాడు దొరకకపోవడాన్నే రోగంగా చూపించారు. పితృస్వామ్యం గురించి మనం రాసే వ్యాసాలు కూడా ఒక్కోసారి ఇంత సూటిగా ఉండవు. సమస్య ఇంటిదని వాళ్ళకి తెలుసు. మందు మాత్రం మనిషికి.

కెనడాలో టొరంటోలోని అడిక్షన్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో రూత్ కూపర్‌స్టాక్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970లలో ఈ మాత్రలు వాడేవాళ్ళతో మాట్లాడింది. ఇటువంటి మందులు మగవాళ్ళకన్నా స్త్రీలకి సుమారు రెండు రెట్లు ఎక్కువగా రాస్తున్నారని ఆమె పరిశోధనలు చూపించాయి. హెన్రీ లెనార్డ్‌తో కలిసి 1979లో ప్రచురించిన వ్యాసంలో ఇంకో మెట్టు ముందుకు వెళ్ళింది. స్త్రీలు ఈ మాత్రని ఎందుకు వేసుకుంటున్నారని వాళ్ళనే అడిగితే, భార్యగా, తల్లిగా, ఇల్లు నడిపే మనిషిగా తాము ఉండాల్సినట్టు ఉండగలగడానికి అని చెప్పారు. అంటే ఆ మాత్ర మింగుతున్నది ఆమే అయినా, దానివల్ల నెమ్మదిగా ఉంటున్నది ఇల్లు.

ఇంతవరకూ స్త్రీవాద విమర్శ సరిగ్గానే చెప్పింది. కానీ విమర్శ అక్కడ ఆగిపోతే ఒక స్త్రీ ఒంటరిగా మిగిలిపోతుంది. పదేళ్ళుగా ఆ మాత్ర వేసుకుంటూ, ఈ విమర్శ చదివి, నిజమే కదా అనుకుని, డబ్బా తీసి చెత్తబుట్టలో పడేసే స్త్రీ. విముక్తి అంటే మనకి ఒక దృశ్యం అలవాటు. 1879లో ఇబ్సెన్ నోరా చేత మూయించిన తలుపు చప్పుడు ఇంకా మన చెవుల్లో ఉంది. మన కథల్లోనూ గడప దాటే క్షణమే పతాక సన్నివేశం. ఆ చూపుతో చూస్తే మాత్రల డబ్బా విసిరెయ్యడం కూడా అందమైన ముగింపే. కాని శరీరం ఆ కథ చదవలేదు.

బార్బరా గోర్డన్ జీవితంలో ఇదే జరిగింది. ఆమె సాధారణ గృహిణి కాదు. సి.బి.ఎస్. టెలివిజన్‌లో పేరున్న డాక్యుమెంటరీ నిర్మాత. ఏళ్ళ తరబడి వేలియం వాడి, ఇక చాలనుకుంది. ఆమె మానసిక వైద్యుడు ఒక్కసారిగా ఆపెయ్యమన్నాడు. ఆమె ఆపేసింది. కొద్ది రోజుల్లోనే మనిషి కుప్పకూలి చివరికి మానసిక వైద్యశాలలో తేలింది. ఆ అనుభవాన్ని 1979లో ఆత్మకథగా రాసింది. 1982లో అది సినిమాగా వచ్చింది. అమెరికా సెనేట్‌లో ఎడ్వర్డ్ కెనడీ అధ్యక్షతన ఈ మందుల మీద విచారణ జరిగింది కూడా ఆ 1979లోనే. ఆ పుస్తకంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఆమె పతనం కాదు. ఆమె చేసింది తొందరపాటు కాదన్న సంగతి. డాక్టర్ని అడిగే చేసింది.

ఒక్కసారిగా ఆపితే ఏమవుతుందో అప్పటికి ఎవరికీ తెలియదా? తెలుసు. లిబ్రియం బజారులోకి వచ్చిన మరుసటి ఏడాదే, 1961లో, లియో హోలిస్టర్ అనే అమెరికన్ వైద్యుడు ఒక ప్రయోగ ఫలితం ప్రచురించాడు. నెలల తరబడి పెద్ద మోతాదులో లిబ్రియం తీసుకున్న 11 మందికి, వాళ్ళకి చెప్పకుండా, మందు బదులు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. వాళ్ళలో 10 మందికి కొత్త బాధలు మొదలయ్యాయి. ఇద్దరికి మూర్ఛ వచ్చింది. సాక్ష్యం అంత తొందరగా దొరికింది. దాన్ని పక్కన పెట్టడానికి కారణం కూడా అంతే తొందరగా దొరికింది. అవి పెద్ద మోతాదులు, మామూలు మోతాదులో అలా జరగదు అన్నారు. ఆ నమ్మకం ఇరవై ఏళ్ళు నడిచింది. 1980లో బ్రిటన్‌లో మందుల్ని సమీక్షించే అధికార సంఘం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒక అంకె ఉంది. 1960 నుంచి 1977 వరకు ఆ దేశం మొత్తం మీద ఈ మందులకి బానిసలైనవాళ్ళు 28 మంది అని అంచనా.

ఇరవై ఎనిమిది. లక్షలమంది వాడుతున్న మందు అది. సాహిత్య పరిశోధకురాలిగా నాకు ఈ అంకె ఒక పాఠంలా కనిపిస్తుంది. ఇంత చిన్న అంకె ఎలా తయారవుతుంది? మాత్ర ఆపిన స్త్రీ డాక్టరు దగ్గరికి వచ్చి, నిద్ర లేదు, గుండె దడ, వణుకు, చావు భయం అంటుంది. డాక్టరు పాత కాగితం తిరగేస్తాడు. ఆందోళన అని రాసి ఉంటుంది. పాత జబ్బే తిరగబెట్టింది, మాత్ర మళ్ళీ మొదలుపెట్టమంటాడు. ఆమె వేసుకుంటుంది, నెమ్మదిస్తుంది. మందు ఆమెకి ఎంత అవసరమో రుజువైపోతుంది. ఈ చక్రంలో మాత్ర వల్ల పుట్టిన ప్రతి బాధా ఆమె స్వభావం ఖాతాలోకి వెళ్ళిపోతుంది. ఎంతమంది స్త్రీలు చెప్పినా లెక్క పెరగదు.

1981లో లండన్‌లో మాల్కమ్ లేడర్, ఆయన సహపరిశోధకుడు పీటర్సన్, డాక్టర్లు రాసిన మామూలు మోతాదులోనే ఏళ్ళ తరబడి వాడినవాళ్ళలో కూడా ఆపినప్పుడు ఈ బాధలు వస్తాయని చూపించారు. కారణం ఇప్పుడు మనకి స్పష్టంగా తెలుసు. మెదడులో ఉద్రేకాన్ని అణిచే గాబా అనే సహజ రసాయనం ఉంది. ఈ మాత్రలు దాని పనిని పెంచుతాయి. బయటి నుంచి సాయం రోజూ వస్తుంటే మెదడు తన వంతు తగ్గించుకుంటుంది. సాయం హఠాత్తుగా ఆగితే పగ్గం లేని బండి అవుతుంది. మెదడు మళ్ళీ తన పని తాను చేసుకోవడానికి వారాలు, నెలలు పడుతుంది. ఇది మనోబలానికి సంబంధించిన విషయం కాదు. మెదడు కణాలకి కావలసిన వ్యవధి.

1980లలో బ్రిటన్‌లో బి.బి.సి. టెలివిజన్ కార్యక్రమం ఒకటి ఈ సంగతి ఎత్తింది. ప్రేక్షకుల నుంచి వేల ఉత్తరాలు వచ్చాయి. అధికారికంగా 28 మంది ఉన్న దేశంలో! ఆ ఉత్తరాలు రాసినవాళ్ళ మీద జరిపిన సర్వే 1985లో పుస్తకంగా వచ్చింది. ఉత్తరాలు స్త్రీల సాహిత్య చరిత్రలో ఎంత ముఖ్యమో మనకి తెలుసు. ఎక్కడా చెల్లని మాట ఉత్తరంలోకి వెళ్తుంది. వైద్యశాస్త్రం అయినా అంతే.

ఆ మాటల్ని ఒక పద్ధతిగా విన్న మనిషి హెదర్ ఆష్టన్. ఆమె 1929లో మన డెహ్రాడూన్‌లో పుట్టింది. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో ఔషధ శాస్త్రంలో పనిచేసింది. 1982 నుంచి 1994 వరకు పన్నెండేళ్ళు అక్కడ ఈ మాత్రలు మానదలచినవాళ్ళ కోసం ఒక క్లినిక్ నడిపింది. 1984లో ఒక వైద్య పత్రికలో ఆమె రాసిన వ్యాసం శీర్షికలోనే దీన్ని ముగియని కథ అంది. శాస్త్ర వ్యాసానికి ఆ పేరు పెట్టడం నాకు నచ్చింది. ఆమె రోగులు ఒక్కొక్కరూ గంటల తరబడి చెప్పినవి ఆమె రాసుకుంది. కాళ్ళ కింద నేల ఊగడం, చర్మం మీద ఏదో పాకడం, వెలుతురూ చప్పుడూ భరించలేకపోవడం, తన శరీరం తనది కానట్టు అనిపించడం. వేరే డాక్టర్లు భ్రమలని కొట్టేసిన మాటలివి. అందరూ అవే మాటలు చెబుతున్నారని గమనించడమే ఆమె చేసిన మొదటి పరిశోధన.

ఆ క్లినిక్ అనుభవంతో 1999లో ఆమె ఒక కరదీపిక రాసింది. 2002లో సవరించింది. దాని పద్ధతి సారాంశం ఇది. శరీరంలోంచి త్వరగా వెళ్ళిపోయే ఆల్ప్రజోలామ్, లోరజెపామ్ లాంటివి వాడేవాళ్ళని ముందు మెల్లమెల్లగా డయాజెపామ్‌కి మారుస్తారు. డయాజెపామ్ శరీరంలో రోజుల తరబడి నిలుస్తుంది కాబట్టి ఒక మాత్రకీ ఇంకో మాత్రకీ మధ్య ఎగుడుదిగుళ్ళు ఉండవు. చిన్న మాత్రలు దొరుకుతాయి కాబట్టి కొంచెం కొంచెంగా తగ్గించవచ్చు. ఉన్న మోతాదులో సుమారు పదోవంతు, వారానికో రెండు వారాలకో ఒకసారి తగ్గిస్తారు. కష్టంగా ఉంటే ఉన్నచోట ఆగుతారు. వెనక్కి మాత్రం వెళ్ళరు. కొందరికి ఏడాది పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. ఇవన్నీ సాంకేతిక వివరాలే. అసలు మార్పు వేరే ఉంది. ఎంత తొందరగా తగ్గించాలన్నది రోగే నిర్ణయించాలంటుంది ఆష్టన్. డాక్టరు పక్కన ఉంటారు, అంతే. ఈ మందుల చరిత్రలో ఆ స్త్రీ మొదటిసారి కర్త అయిన వాక్యం అది.

ఇది కేవలం పరాయి దేశాల సంగతి కాదు. గర్భసంచి ఆపరేషన్ తర్వాత నిద్ర పట్టడం లేదంటే మా అమ్మకి నలభై ఒకటో ఏట ఆల్ప్రజోలామ్ రాశారు. రాత్రికి అర మిల్లీగ్రాము. నెల రోజులకని రాసిన చీటీ పదకొండేళ్ళు నడిచింది. మందుల షాపు అబ్బాయికి చీటీ చూపించక్కర్లేకుండా ఆమె ముఖమే చీటీ అయింది. తర్వాత వేరే పనిమీద చూసిన ఇంకో డాక్టరు, "ఇన్నేళ్ళు వాడతారామ్మా ఇది? రేపట్నుంచి ఆపెయ్యండి" అన్నాడు. ఆమె ఆపేసింది. మూడో రోజుకి కుక్కర్ విజిల్ వినలేక చెవులు మూసుకుంది. అయిదో రోజుకి వంటింట్లో గట్టు పట్టుకుని నిలబడింది, నేల పడవలా ఊగుతోందని. అదే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్తే పాత జబ్బు తిరగబెట్టిందన్నాడు. మోతాదు రెట్టింపు చేశాడు.

ఆ తర్వాత చూపించిన మానసిక వైద్యురాలు మా అమ్మని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "ఇవన్నీ మాత్ర మొదలుపెట్టకముందు ఉండేవా అమ్మా?"

అమ్మ ఆలోచించి చెప్పింది. "అప్పుడు నిద్ర పట్టేది కాదు, అంతే తల్లీ. చీమలు లేవు. నేల కదలడం లేదు."

జబ్బు తిరగబెట్టడానికీ, మాత్ర విడవడం వల్ల వచ్చే బాధకీ తేడా తెలుసుకోవడానికి వైద్యుల దగ్గరున్న మంచి ఆనవాళ్ళలో ఇదొకటి. పాతవే వచ్చాయా, ఎన్నడూ లేని కొత్తవి వచ్చాయా? మోతాదు తగ్గించిన వెంటనే వచ్చాయా, చాన్నాళ్ళకి వచ్చాయా? ఈ ఆనవాలు ఏ యంత్రంలోనూ కనిపించదు. ఆ మనిషి నోటి నుంచే రావాలి. అంటే ఆమె మాట నమ్మని చోట ఈ పరీక్షే లేదు. అమ్మకి ఆ తర్వాత పద్నాలుగు నెలలు పట్టింది. పాల లెక్కలు రాసే పుస్తకం వెనక పేజీల్లో ఏ రోజు ఎంత తగ్గించిందో, ఆ రాత్రి ఎలా గడిచిందో రాసుకుంది. ఒంటి మీద చీమలన్న మాట ఆ పేజీల్లో మొదట రోజూ ఉంది, తర్వాత వారానికోసారి, తర్వాత లేదు. ఆష్టన్ పేరు ఆమె వినలేదు. డెహ్రాడూన్‌లో పుట్టిన ఒకావిడ న్యూకాజిల్‌లో రాసుకున్న లక్షణాల పట్టికలోని మాటలే మా అమ్మ పాల పుస్తకంలో తెలుగులో ఉన్నాయి. చెప్పే స్త్రీలు ఒకరికొకరు తెలియనప్పుడు, మాటలు మాత్రం ఒకటే అయినప్పుడు, అది భ్రమ ఎలా అవుతుంది?

ఇంకా అనుమానం మిగిలితే తెలంగాణ పల్లెల్లో సాక్ష్యం ఉంది. చెట్టు కల్లు చాలక, పొడి కలిపి కల్లు తయారుచేసి అమ్మడం అక్కడ చాలా ఏళ్ళుగా నడుస్తున్న వ్యాపారం. ఆ పొడుల్లో క్లోరల్ హైడ్రేట్‌తో పాటు ఈ డయాజెపామ్, ఆల్ప్రజోలామ్‌లే ఉంటాయి. పొద్దంతా కష్టం చేసి సాయంత్రం ఒక సీసా కల్లు తాగే ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఏళ్ళ తరబడి తమకి తెలియకుండానే ఈ మందు తాగుతున్నారు. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ కల్లు మీద దాడులు చేసింది. కల్లులో పొడి హఠాత్తుగా తగ్గిపోయింది. నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం ఆసుపత్రులకి పోటెత్తారు. చేతులు వణికాయి, మూర్ఛలొచ్చాయి, మెడలు వంకర్లు పోయాయి, మతి తప్పి మాట్లాడారు. వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి ఎవరూ చీటీ రాయలేదు. వాళ్ళకి పాత ఆందోళన జబ్బు ఏదీ నమోదై లేదు. ఏం తాగుతున్నారో, ఏం ఆగిపోయిందో కూడా తెలియదు. తిరగబెట్టడానికి పాత జబ్బే లేని శరీరాల్లో ఈ బాధ కనిపించింది. మా అమ్మకి చెప్పిన కారణం ఇక్కడ ఎవరికి చెబుతారు?

అయితే ఆ వార్తల్లో వాళ్ళని తాగుబోతులన్నారు. మధ్యతరగతి ఇంట్లో అదే మందు అదే విధంగా ఆగినప్పుడు నరాల బలహీనత అన్నారు. కులాన్నీ వర్గాన్నీ బట్టి ఒకే రసాయనానికి రెండు నీతులు. వేలియం చరిత్రని తెల్లజాతి మధ్యతరగతి గృహిణి చరిత్రగా మాత్రమే చదివితే మనం కూడా ఆ రెండు నీతుల్లో చిక్కుకుంటాం. చీపురు ఊచల వెనక ఉన్న స్త్రీని విడిపించే వాదం, చీపురు పట్టి ఇంకొకరి ఇల్లు ఊడ్చి వచ్చి సాయంత్రం కల్లు సీసా పట్టుకున్న స్త్రీకి కూడా వర్తించాలి.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ మాత్రలు విషమని నేననడం లేదు. మూర్ఛ ఆపడానికి, తీవ్రమైన భయం పట్టుకున్న కొద్దిరోజులు గట్టెక్కడానికి ఇవి పనికొస్తాయి. అందరూ మానాలనీ లేదు. వయసునీ, ఉన్న జబ్బుల్నీ బట్టి కొందరు తక్కువ మోతాదులో కొనసాగడమే మంచిదని డాక్టరుతో కలిసి నిర్ణయించుకోవచ్చు. ఎవరికి వాళ్ళు ఇంట్లో ఒక్కసారిగా ఆపడం మాత్రం ప్రమాదం. మూర్ఛ వచ్చి ప్రాణం పోవచ్చు. మాత్ర వేసుకోవడం బలహీనత అనడమూ, మానలేకపోవడం బలహీనత అనడమూ ఒకే నోటి నుంచి వచ్చే మాటలు. స్త్రీవాదులం మనం రెండోది అనం గాని, మొదటిది అప్పుడప్పుడు అంటాం.

ప్రభుత్వాలు కూడా మెల్లగానే నేర్చుకున్నాయి. 1988లో బ్రిటన్ ఈ మందుల్ని రెండు నుంచి నాలుగు వారాలకి మించి రాయొద్దంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి అది రక్షణ. అప్పటికే ఇరవై ఏళ్ళుగా వాడుతున్నవాళ్ళకి ఆ వాక్యంలో చోటు లేదు. అదే కాలంలో సుమారు 14 వేలమంది తయారీ కంపెనీల మీద కోర్టుకి వెళ్ళారు. న్యాయ సహాయ నిధి ఆగిపోయి, విచారణ దాకా రాకుండానే ఆ దావా 1990లలో కూలిపోయింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, ఆనవాయితీ పడటం గురించీ ఆపినప్పుడు వచ్చే బాధల గురించీ ఈ మందులన్నిటి మీదా పెద్ద హెచ్చరిక వెయ్యాలని ఆదేశించింది 2020లో. హోలిస్టర్ ప్రయోగానికి అప్పటికి 59 ఏళ్ళు. 2025లో అమెరికాలోని పలు వైద్య సంఘాలు కలిసి, ఈ మందులు తగ్గించడం మీద ఉమ్మడి మార్గదర్శకాలు ప్రచురించాయి. రెండు నుంచి నాలుగు వారాలకొకసారి 5 నుంచి 10 శాతం తగ్గించడం గురించి ఆలోచించమనీ, రెండు వారాల్లో 25 శాతం మించవద్దనీ, రోగితో కలిసి నిర్ణయించమనీ అవి చెప్పాయి. ఆష్టన్ 2019లో చనిపోయింది. ఆమె క్లినిక్‌లో కూర్చుని మాట్లాడిన స్త్రీలు నలభై ఏళ్ళ కిందటే చెప్పినది ఇప్పుడు శాతాల్లో అచ్చయింది.

మన సాహిత్యంలో వీళ్ళకి చోటు ఎందుకు లేదని నేను ఆలోచిస్తుంటాను. మాత్ర మింగి చనిపోయే స్త్రీ మన కథల్లో, సినిమాల్లో చాలాసార్లు కనిపిస్తుంది. మాత్ర తగ్గించుకుంటూ బతికే స్త్రీ దాదాపు కనిపించదు. ఆమె కథలో తలుపు చప్పుడు లేదు. పావు మాత్ర ఉంది, బ్లేడుతో చేసిన ముక్కలున్నాయి, మూడు వారాలు ఏమీ మారని రోజులున్నాయి. మనకి నేర్పిన కథాశిల్పంలో ఇది కథే కాదు. కాని ఇంటిపనిలా, పసిబిడ్డని పెంచడంలా, ప్రతిరోజూ చేసి ఎవరికీ కనిపించని పనికి విలువ కట్టాలని వాదించినవాళ్ళం మనమే. మెల్లగా మానడం కూడా అటువంటి పనే. దానికి వీరగాథ అక్కర్లేదు. దినచర్య చాలు. కావలసింది ఆ దినచర్యని సాక్ష్యంగా చదవగలిగే పాఠకులు.

మన దేశంలో 2014 మార్చి నుంచి ఆల్ప్రజోలామ్, డయాజెపామ్ వంటి మందుల్ని షెడ్యూల్ హెచ్-1 కింద అమ్మాలి. మందుల షాపువాళ్ళు వేరే రిజిస్టరు పెట్టాలి. అందులో చీటీ రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఎన్ని మాత్రలు ఇచ్చారన్న లెక్క ఉండాలి. మూడేళ్ళు దాన్ని భద్రపరచాలి. మందు ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వెళ్ళిందో ఆ రిజిస్టరు చెబుతుంది. ఎప్పుడు ఆపాలి, ఎలా ఆపాలి, ఆపేటప్పుడు ఆమె ఏం చెప్పింది అన్న గడులు అందులో లేవు. ఆ గడులు ఇప్పటిదాకా ఉత్తరాల్లోనూ, లెక్కల పుస్తకాల వెనక పేజీల్లోనూ నిండుతూ వచ్చాయి. వాటిని వెతికి, చదివి, అచ్చులోకి తేవడం మనలాంటివాళ్ళు చెయ్యగలిగిన పని.